ఫారంలో 'జాతీయత' అన్న చోట ఏం రాయాలి? మా పై వాటాలో ఉండే టిబెటన్ ఆవిడ గురించి

పైవాటా_విశాఖ:

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం. మేడ మీద రెండు గదుల వాటా ఉంది. ఏటా దసరా వెళ్ళగానే ఒక టిబెటన్ ఆవిడ, ఆవిడ కొడుకు అందులో దిగుతారు, సంక్రాంతి అయ్యాక ఖాళీ చేస్తారు. రోడ్డు పక్కన స్వెట్టర్ల కొట్టు పెట్టుకుంటారు. లూధియానా నుంచి అప్పు మీద సరుకు తెచ్చుకుని, సీజన్ అయిపోయాక ఆ డబ్బు కట్టేస్తారు. ఇది తొమ్మిదో చలికాలం. నేను ఆవిడను ఆమాలా అంటాను. వాళ్ళ భాషలో అమ్మగారు అని అర్థం. ఆవిడ నన్ను అక్కా అంటుంది. తెలుగు బాగానే వచ్చు, మధ్యమధ్య ఒడియా పడుతుంది.

ఈసారి అద్దెకున్న వాళ్ళ వివరాలు రాసి స్టేషన్‌లో ఇమ్మని ఫారం ఇచ్చారు. పేరు, వయసు, పని అన్నీ రాశాను. 'జాతీయత' దగ్గరకొచ్చి, అలవాటుగా ఇండియన్ అని రాయబోయాను. "అక్కా, ఇండియన్ కాదు" అంది ఆమాలా. "పోనీ చైనా అని రాయనా?" అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆవిడ ఏమీ అనలేదు. చేతిలో ఉన్న స్వెట్టరు మడత విప్పింది, మళ్ళీ పెట్టింది, మళ్ళీ విప్పింది. కాసేపటికి పైకి వెళ్ళి ప్లాస్టిక్ కవరులో చుట్టిన చిన్న పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది.

ఆవిడ పుట్టింది 1972లో, ఒడిశాలో, గజపతి జిల్లా చంద్రగిరి దగ్గర టిబెటన్ల క్యాంపులో. కొడుకు పుట్టింది 1998లో, అక్కడే. ఆవిడ తల్లిది లిథాంగ్ అనే ఊరట. ఇద్దరూ టిబెట్ రాజధాని లాసా చూడలేదు, లిథాంగ్ చూడలేదు. మరి వీళ్ళది ఏ దేశం? ఇక్కడే పుట్టిన మనిషి యాభై ఏళ్ళు దాటాక కూడా పౌరురాలు ఎందుకు కాలేదు? తెలిసినవాళ్ళు చెప్పండి. వచ్చే సోమవారం లోపల ఫారం ఇవ్వాలి.

సూటిమాట:

బాధపడకండి గానీ ఇందులో పెద్ద చిక్కేమీ లేదు. 1954లో చైనాతో చేసుకున్న ఒప్పందంలోనే మనం 'చైనాలోని టిబెట్ ప్రాంతం' అని రాశాం. 2003లో వాజపేయిగారు బీజింగ్ వెళ్ళినప్పుడు టిబెట్ స్వయంప్రతిపత్తి ప్రాంతం చైనా భూభాగంలో భాగమని సంతకం చేశారు. ప్రపంచంలో ఏ ప్రభుత్వమూ ఇవాళ టిబెట్‌ను దేశంగా గుర్తించడం లేదు. కాబట్టి చైనా అనే రాయాలి. అభిమానం వేరు, కాగితం వేరు.

కుశాల్‌నగర్_మాజీ:

అమ్మా, చైనా అని రాయకండి. అది కాగితం ప్రకారం కూడా తప్పే.

నేను బ్యాంకులో పనిచేసేటప్పుడు నాలుగేళ్ళు కర్ణాటకలోని బైలకుప్పె దగ్గరి బ్రాంచిలో ఉన్నాను. 1960లో అప్పటి మైసూరు రాష్ట్రం సుమారు 3,000 ఎకరాల అడవి ఇస్తే టిబెటన్లు చెట్లు కొట్టి మొక్కజొన్న వేసుకున్న చోటు అది. ఏనుగులు రాకుండా రాత్రంతా డబ్బాలు వాయించేవాళ్ళమని పెద్దవాళ్ళు చెప్పేవారు. ఖాతా తెరవడానికి వచ్చిన ప్రతివాళ్ళూ మీ ఆమాలా తెచ్చిన పుస్తకమే తెచ్చేవారు. దాన్ని ఆర్‌సీ అంటారు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. విదేశీయుల నమోదు నిబంధనల కింద మన ప్రభుత్వమే ఇస్తుంది. గడువు తీరే ముందు మళ్ళీ ముద్ర వేయించుకోవాలి. ఆ పుస్తకం తెరిచి జాతీయత అన్న చోట చూడండి. 'టిబెటన్' అని ఉంటుంది. రాసింది మన ప్రభుత్వమే.

సూటిమాట గారికి ఒక మాట. 2003లో మనం ఒప్పుకున్నది 'టిబెట్ స్వయంప్రతిపత్తి ప్రాంతం' అన్న పేరు. చైనా 1965లో గీసిన గీత అది. టిబెటన్లు తమ నేలను మూడుగా చెప్పుకుంటారు: ఊత్సాంగ్, ఖమ్, ఆమ్దో. ఆ గీతలోకి వచ్చింది ఊత్సాంగ్, ఖమ్‌లో పడమటి ముక్క మాత్రమే. ఆమ్దోలో ఎక్కువ భాగం చింఘాయ్, గాన్సు రాష్ట్రాల్లో కలిసింది. ఖమ్ తూర్పు భాగం సిచువాన్‌లో కలిసింది. ఆమాలా తల్లిగారి లిథాంగ్ ఇవాళ సిచువాన్‌లో ఉంది. అంటే ఆవిడ ఊరు చైనా మ్యాపులో టిబెట్ కూడా కాదు. 1956లో అక్కడ తిరుగుబాటు లేస్తే చైనా సైన్యం లిథాంగ్ మఠం మీద విమానాలతో బాంబులు వేసింది. దలైలామా లాసా వదిలిన 1959కి మూడేళ్ళ ముందు సంగతి ఇది. ఖమ్ వాళ్ళతో మాట్లాడితే లెక్క అక్కడి నుంచే మొదలుపెడతారు.

ఇక 'టిబెట్ ఎప్పుడైనా దేశమా' అంటారా? పదమూడో దలైలామా 1913లో చైనా అధికారులను పంపేసి ప్రకటన చేశాడు. 1914 సిమ్లా సమావేశంలో టిబెట్ ప్రతినిధి బ్రిటిష్ వాళ్ళ పక్కన కూర్చుని సంతకం పెట్టాడు. మనం అరుణాచల్ దగ్గర మన సరిహద్దని చెప్పే మెక్‌మహన్ రేఖ ఆ సంతకాల వల్ల వచ్చిందే. చైనా ఆ ఒప్పందాన్ని ఒప్పుకోలేదు. టిబెట్‌కు సంతకం పెట్టే హక్కే లేదంటుంది. ఆ హక్కు లేదని మనమూ అంటే ఆ రేఖ దేని మీద నిలబడుతుందో చెప్పండి. వాళ్ళ నోట్లు, వాళ్ళ సైన్యం, వాళ్ళ పాస్‌పోర్టు 1950 నాటికి ఉన్నాయి. ఆ ఏడాది అక్టోబరులో చైనా సైన్యం తూర్పు టిబెట్‌లోని చామ్దో పట్టుకుంది. మరుసటి ఏడాది మే 23న బీజింగ్‌లో టిబెట్ చైనాలో భాగమనే పదిహేడు అంశాల ఒప్పందం మీద టిబెట్ ప్రతినిధుల చేత సంతకాలు పెట్టించుకున్నారు. కానీ ఆ రోజుల్లో కూడా పెద్ద దేశమేదీ టిబెట్‌ను బాహాటంగా గుర్తించలేదన్నది నిజం. అది వాళ్ళ దురదృష్టం. మన తప్పు కూడా అందులో కొంత ఉంది.

వకీలు_సికింద్రాబాద్:

పౌరసత్వం సంగతి నేను చెబుతాను. 1950 జనవరి 26 నుంచి 1987 జూలై 1కి ముందు వరకు భారతదేశంలో పుట్టినవాళ్ళు, తల్లిదండ్రులు ఎవరైనా సరే, పుట్టుకతో పౌరులు. పౌరసత్వ చట్టం 3వ సెక్షన్. 1972లో చంద్రగిరిలో పుట్టిన ఆవిడ దీని కిందికి వస్తారు. ఆ తర్వాత 2004 డిసెంబరు 3కి ముందు పుట్టినవాళ్ళకు తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులైతే చాలు. కాబట్టి 1998లో పుట్టిన అబ్బాయి కూడా తల్లి తరఫున అడగొచ్చు. టిబెటన్లకు ఇది వర్తిస్తుందని ఢిల్లీ హైకోర్టు తేల్చింది, 2016లో ఆ తేదీల మధ్య పుట్టినవాళ్ళకు పాస్‌పోర్టులు ఇమ్మని చెప్పింది.

అయితే 2017లో విదేశాంగ శాఖ షరతులు పెట్టింది. ఆర్‌సీ అప్పగించాలి. టిబెటన్లకు కేటాయించిన సెటిల్‌మెంటులో ఉండకూడదు. ధర్మశాలలోని వాళ్ళ పాలనా వ్యవస్థ నుంచి వచ్చే సాయం తీసుకోకూడదు. చంద్రగిరిలో ఇల్లు, ఇరుగుపొరుగు, గుడి అన్నీ వదిలేసి పాస్‌పోర్టు తీసుకో అన్నట్టు. ఎంతమంది తీసుకుంటారు?

మరో చిక్కు ఉంది. మనదేశం 1951 శరణార్థుల ఒడంబడికపై సంతకం చేయలేదు. శరణార్థులకంటూ ప్రత్యేక చట్టం లేదు. అందుకే మనం వాళ్ళను శరణార్థులని పిలుస్తాం గానీ చట్టం వాళ్ళను విదేశీయులనే అంటుంది. పౌరసత్వ చట్టానికి 2019లో వచ్చిన సవరణ పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్ఘనిస్తాన్ నుంచి వచ్చినవాళ్ళకే. అందులో టిబెటన్లు లేరు.

ఫారంలో ఆర్‌సీలో ఉన్నది ఉన్నట్టు రాయండి, నంబరు వేయండి, నకలు జత చేయండి. మీకు, వాళ్ళకు కూడా అదే క్షేమం.

సూటిమాట:

ఆర్‌సీ మీద టిబెటన్ అని ఉంటుందని నాకు తెలియదు. మన ప్రభుత్వమే అలా రాస్తుంటే నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. సిచువాన్ సంగతి కూడా ఇప్పుడే తెలిసింది. ఇంకో ప్రశ్న, నిజంగా తెలుసుకోవడానికే అడుగుతున్నా. ఇప్పుడు వాళ్ళు అడిగేది స్వతంత్ర దేశమా?

కుశాల్‌నగర్_మాజీ:

దలైలామా అడిగేది అది కాదు. ఆయన మధ్యేమార్గం అంటారు, వాళ్ళ మాటలో ఉమేలామ్. చైనాలోనే ఉంటాం, మూడు ప్రాంతాలనూ ఒక్క పాలన కిందికి తెచ్చి నిజమైన స్వయంప్రతిపత్తి ఇవ్వండి అని. 2002 నుంచి 2010 దాకా ఆయన ప్రతినిధులు చైనాతో తొమ్మిది విడతలు మాట్లాడారు, ఏమీ తేలలేదు. కుర్రాళ్ళలో రంగ్‌జెన్, అంటే పూర్తి స్వాతంత్ర్యం, కావాలనేవాళ్ళూ ఉన్నారు. నా బ్రాంచికి వచ్చే ఒక తండ్రీ కొడుకులు క్యూలో నిలబడి దీని మీదే వాదించుకునేవారు. తండ్రి ఉమేలామ్, కొడుకు రంగ్‌జెన్. డబ్బు తీసుకుని కలిసే ఇంటికి వెళ్ళేవారు.

పైవాటా_విశాఖ:

అందరికీ చాలా థ్యాంక్స్. పుస్తకం తెరిచి చూశాం. మీరన్నట్టే టిబెటన్ అని ఉంది. తొమ్మిదేళ్ళుగా మా ఇంట్లోనే ఉన్న పుస్తకం, నేను ఒక్కసారి కూడా చూడలేదు.

వకీలుగారి మాటలు ఆమాలాకు చదివి వినిపించాను. పౌరసత్వం గురించి ఆవిడకు ముందే తెలుసు. "మా అమ్మ చచ్చిపోయేదాకా ట్రంకుపెట్టె తాళం వెయ్యలేదక్కా, వెళ్ళిపోయే రోజు ఆలస్యం అవుతుందని. నేను ఇండియన్ అని రాయించుకుంటే లిథాంగ్ నాది అని ఇంకెవరు అంటారు?" అంది. కొడుకు మాత్రం పక్కనుంచి, "నాకు పాస్‌పోర్టు కావాలి, ఉద్యోగానికి బయటి దేశం వెళ్ళాలి" అన్నాడు. వాళ్ళిద్దరి మధ్య ఆ మాట ఇంకా నడుస్తోంది. నేను కల్పించుకోలేదు.

ఇంకొకటి చెప్పాలి. 2006 జనవరిలో అమరావతిలో దలైలామాగారు కాలచక్ర అనే బౌద్ధ దీక్ష ఇచ్చినప్పుడు ఆమాలా తల్లిని తీసుకుని వెళ్ళిందట. లాసా దగ్గర డ్రెపుంగ్ అని పెద్ద మఠం ఉంది కదా, ఆ పేరుకు వడ్ల రాశి అని అర్థమట, అమరావతి పాత పేరు ధాన్యకటకాన్నే వాళ్ళ భాషలో అలా పెట్టుకున్నారట. "మా మఠం పేరు మీ ఊరిదేనక్కా" అని ముసలామె అందరికీ చెప్పేదట. అమరావతికి నేను ఎన్నోసార్లు వెళ్ళాను. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

జాతీయత దగ్గర టిబెటన్ అని రాసి ఆర్‌సీ నంబరు వేశాను. శాశ్వత చిరునామా చంద్రగిరి, గజపతి జిల్లా, ఒడిశా. కింద 'స్వస్థలం' అని ఇంకో గడి ఉంది. పెన్ను ఆమాలాకే ఇచ్చాను. ఆవిడ వాళ్ళ లిపిలో నెమ్మదిగా రాసింది. స్టేషన్‌లో చదవలేరని దాని కింద తెలుగులో నేను లిథాంగ్ అని రాశాను.