ఎమిశాట్ మన ఫోన్లు వింటుందా?

బ్రాడీపేట_కుర్రాడు:
మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నిన్నటి నుంచి ఒకటే గోల. 2019లో శ్రీహరికోట నుంచి పంపిన ఎమిశాట్ అనే ఉపగ్రహం పైనుంచి అందరి ఫోన్లూ వింటోందని ఎవరో ఆడియో పెట్టారు, దాంతో మా అమ్మ మేనమామతో పొలం సంగతి మాట్లాడాలన్నా టెన్షన్ పడుతోంది. ఇస్రో వాళ్లేమో విద్యుదయస్కాంత వర్ణపటాన్ని కొలవడానికి అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. అసలు అది చేసే పనేంటి?

కృష్ణలంక_రేడియో:
అమ్మగారిని హాయిగా మాట్లాడుకోమనండి. అది రాడార్ల కోసం వెళ్లింది. అందులోని పరికరం పేరు కౌటిల్య, హైదరాబాద్‌లో డీఆర్‌డీవోకి చెందిన డీఎల్‌ఆర్‌ఎల్ అనే ల్యాబ్ చేసింది. రాడార్ గట్టిగా ఒక రేడియో పల్స్ వదిలి, దేనికో తగిలి నీరసంగా తిరిగొచ్చే ప్రతిధ్వని కోసం కాచుక్కూర్చుంటుంది, పైనున్న ఉపగ్రహానికి మాత్రం ఆ వెళ్లే పల్సే నేరుగా అందుతుంది, పైగా తను ఏమీ ప్రసారం చేయదు కాబట్టి కింద రాడార్ వాళ్లకి తెలియదు. ఫ్రీక్వెన్సీ ఎంత, పల్స్ ఎంతసేపుంది, పల్స్‌కీ పల్స్‌కీ మధ్య గ్యాప్ ఎంత అన్నవి చూసి అది ఏ రకం రాడారో చెప్పేస్తారు, సందులో బుల్లెట్ బండి చప్పుడు విని ఎవరొచ్చారో మనం చెప్పినట్టు. ఇక ఫోన్లంటారా, ప్రభుత్వానికి ఎవరి ఫోనైనా వినాలనిపిస్తే కంపెనీ నెట్‌వర్క్ దగ్గరే వింటుంది, దానికి రాకెట్ ఎందుకండీ!

తెనాలి_మాష్టారు:
రేడియో గారు చెప్పింది నిజమే గానీ, మాటలు వినే ఉపగ్రహాలే లేవనుకోకండి. కోల్డ్ వార్ రోజుల్లో అమెరికా భూమికి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున పెద్ద పెద్ద యాంటెన్నాలు పెట్టి టెలిఫోన్ మాటలు మోసే సోవియట్ వాళ్ల మైక్రోవేవ్ లింకులు వింది. ఇస్రో ఒక్క ముక్కతో సరిపెట్టడం కూడా కొత్తేం కాదు. 1960లో అమెరికా పంపిన గ్రాబ్ అనే ఉపగ్రహాన్ని సూర్యుడి రేడియేషన్ కొలవడానికని చెప్పారు, నిజంగానే ఆ పనీ చేసింది, పక్కనే సోవియట్ రాడార్లూ పట్టింది. ఆ రెండో పని 1998లో గానీ బయటపెట్టలేదు.

బెజవాడ_రాకెట్:
ఆ ప్రయోగం నేను చూశాను. ఏప్రిల్ 1 పొద్దున 9:27కి, పీఎస్‌ఎల్‌వీ సీ45. జనం కోసం గ్యాలరీ మొదటిసారి తెరిచింది ఆ ప్రయోగానికే, మేం ముందురోజే సూళ్లూరుపేట చేరాం. ఎండ సంగతి అడక్కండి. 436 కిలోల ఎమిశాట్‌ని 748 కిలోమీటర్ల ఎత్తున వదిలి, కిందికి దిగి 28 విదేశీ బుల్లి ఉపగ్రహాల్ని ఇంకో కక్ష్యలో వదిలారు.

బ్రాడీపేట_కుర్రాడు:
థాంక్సండీ. మరి అది రోజంతా సరిహద్దు మీదే ఉంటుందా?

కృష్ణలంక_రేడియో:
ఉండదు. ఆ ఎత్తులో భూమిని చుట్టడానికి దాదాపు 100 నిమిషాలు పడుతుంది, ఏ చోటికైనా కనిపించేది ఒక్కోసారి పది పదిహేను నిమిషాలే. ఎప్పుడొస్తుందో అవతలివాళ్లూ లెక్కేసుకుని ఆ కాసేపు రాడార్ కట్టేసుకోవచ్చు.

తెనాలి_మాష్టారు:
కట్టేస్తే ఆ కాసేపు వాళ్లకీ ఆకాశం కనపడదుగా!

కృష్ణలంక_రేడియో:
ఒక్క రాడారే ఉంటే మీరన్నది నిజం మాష్టారూ. ఒకటి ఆపి, మనకి ముందే తెలిసిన పాతది ఇంకోటి నడుపుకుంటారు. అందుకే ఒక్క ఎమిశాట్‌తో పని జరగదు, ఇలాంటివి నాలుగైదు ఉండాలని నా గొడవ.