గుడ్డ డైపర్లకు ఇంట్లో కుట్టిన పై కవర్లు: తొడల దగ్గర తడి ఎందుకు బయటికి వస్తోంది?

ప్రశ్న (విజయవాడ నుంచి)

మా పాపకు 4 నెలలు నిండాయి, బరువు 6 కిలోలు. పుట్టినప్పటి నుంచి మా అత్తయ్యగారి పాత నూలు చీరలను చింపి, మడతలు వేసి లంగోటాలుగా కడుతున్నాము. మెత్తటి గుడ్డ కాబట్టి పాపకు హాయిగానే ఉంటుంది కానీ, ఒక్కసారి తడిపిందంటే పక్క బట్టలతో పాటు ఎత్తుకున్నవారి బట్టలు కూడా తడిసిపోతాయి. బజారు డైపర్లను ప్రయాణాలకు మాత్రమే వాడాలని మొదటి నుంచీ అనుకున్నాను. అందువల్ల లంగోటా మీద తొడగడానికి మూడు కవర్లు నేనే కుట్టాను. పైన రెయిన్‌కోటు గుడ్డ వేసి, అది పాప ఒంటికి గట్టిగా తగలకూడదని లోపల అంచుల దాకా చీర గుడ్డ లైనింగు వేశాను. కాళ్ల దగ్గర కూడా అదే గుడ్డతో పైపింగు (అంచును మూసే సన్నని పట్టీ) చేసి లోపల ఎలాస్టిక్ పెట్టాను.

ఇంత చేసినా గంట తిరిగేసరికి తొడల దగ్గర తడి కనిపిస్తోంది. గుడ్డలో నుంచి కారడం లేదు, అంచుల వెంబడే వస్తోంది. పైగా రెండు రోజులుగా గజ్జల్లో చర్మం ఎర్రబడింది. రెయిన్‌కోటు గుడ్డే పనికిరానిదా, లేక నా కుట్టులో లోపముందా? ఈ ఎండల్లో పాపకు ఉక్కపోత లేకుండా ఏ గుడ్డతో, ఏ విధంగా కుట్టాలో అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం (వరంగల్ నుంచి, దర్జీ పనిలో ఉన్నవారు)

అమ్మా, లోపం ముందుగా మీ లైనింగులో ఉంది. దీపపు వత్తి ఒక కొన నూనెలో మునిగి ఉంటే రెండో కొన దాకా ఎలా నూనెను లాక్కుంటుందో, అంచుల దాకా వెళ్లిన నూలు గుడ్డ లోపలి తడిని అలాగే బయటికి లాక్కొస్తుంది. పైపింగు కూడా నూలుదే కాబట్టి, దానికి తగిలిన గౌనుకు, పక్క బట్టకు ఆ తడి అంటుతుంది. పై గుడ్డ ఎంత మంచిదైనా ఈ దారి మూయనంత వరకు ప్రయోజనం ఉండదు. పీల్చే పని లంగోటాది, ఆపే పని కవరుది. నూలు దారంతో కుట్టి ఉంటే ఆ దారం కూడా వత్తిలాగే పనిచేస్తుంది కాబట్టి పైన, బాబిన్‌లో (మిషను కింది దారం చుట్టే చిన్న చక్రంలో) కూడా పాలిస్టరు దారమే వాడండి.

గుడ్డ విషయానికి వస్తే, రెయిన్‌కోట్లలో చాలా వాటికి పీవీసీ అనే ప్లాస్టిక్ పూత ఉంటుంది. అది నీటిని ఆపుతుంది కానీ ఆవిరిని ఏమాత్రం పోనివ్వదు. డైపర్ కవర్లకు సాధారణంగా వాడేది పీయూఎల్ అనే గుడ్డ. పాలిస్టరు అల్లిక గుడ్డకు ఒక వైపు పలుచని పాలీయురేథేన్ పొర అతికించి దీనిని తయారుచేస్తారు. ఇది నీటిని ఆపుతూనే కొంత ఆవిరిని బయటికి వదులుతుంది, కాస్త సాగుతుంది కూడా. ఆన్‌లైన్‌లో మీటరు లెక్కన దొరుకుతుంది. లైనింగు లేని కవరైతే ఆ పొర ఉన్న మెరిసే వైపు లోపలికి, అంటే లంగోటా వైపుకు రావాలి.

కుట్టేటప్పుడు జాగ్రత్త అంతా రంధ్రాల గురించే. ఈ గుడ్డకు గుండుసూది గుచ్చిన ప్రతిచోటా రంధ్రం మిగిలిపోతుంది కాబట్టి బట్టల క్లిప్పులు పెట్టుకోండి, తప్పనిసరైతే కుట్టుకు అవతల పోయే అంచులోనే గుచ్చండి. మిషనుకు 16 నంబరు సూది ఉంటే తీసేసి 11 నంబరు సూది, అందులోనూ అల్లిక గుడ్డలకు వాడే గుండ్రటి మొనది, పెట్టండి. కుట్టు మరీ దగ్గరగా పడితే గుడ్డ తపాలా బిళ్లల వరుసలా చిరుగుతుంది, అందుకని 3 మిల్లీమీటర్ల పొడవు ఉంచండి. మెరిసే వైపు మిషను పాదానికి అతుక్కుంటే మధ్యలో పలుచని కాగితం పెట్టి కుట్టి, తరువాత చింపేయవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, రెండు కాళ్ల మధ్య అడుగుభాగంలో ఎక్కడా అతుకు రాకూడదు. ముందు భాగం, వెనుక భాగం ఒకే ముక్కగా కత్తిరించండి.

ఆది కోసం పాపకు సరిపోయే ఒక డ్రాయరును కాగితం మీద పరిచి గీసుకోండి. లోపల లంగోటా మందం పట్టాలి కాబట్టి చుట్టూ ఒక అంగుళం పైనే వదులు ఇచ్చి, కుట్టుకు, ఎలాస్టిక్ గొట్టానికి కావలసిన మడత వేరుగా కలపండి. ఆ గొట్టాన్ని కూడా పీయూఎల్‌నే మడిచి కుట్టండి. తొడ చుట్టూ ఒక వేలు సులువుగా దూరేంత బిగువు చాలు. అంతకంటే బిగిస్తే చర్మం ఒరుసుకుపోతుంది, వదిలేస్తే సందు వస్తుంది. లంగోటా అంచు ఒక్క పోగైనా కవరు బయటికి తొంగిచూడకుండా కట్టిన ప్రతిసారీ వేలితో లోపలికి తోయండి. నా దగ్గరికి వచ్చిన "కారే కవర్ల"లో సగానికి సగం కవరు తప్పు కాదు, ఈ లంగోటా అంచుదే.

సమాధానం (కెనడా, టొరంటో నుంచి)

వారు చెప్పిన కుట్టు సూచనలన్నీ నిజమే. గుడ్డ విషయంలో మాత్రం ఉన్నిని కూడా పరిశీలించమని కోరుతున్నాను. మా బాబుకు రాత్రిళ్లు అచ్చమైన ఉన్ని స్వెటరుతో చేసిన కవరే వాడాను. వేడి నీటిలో ఉతికితే ఉన్ని ముడుచుకుని దట్టంగా బిగుస్తుంది. అప్పుడు దానిని కత్తిరించినా పోగులు ఊడవు. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం తేమను తీసుకున్నా చేతికి తడిగా తగలదు. దానికి గొర్రె ఉన్నిలో సహజంగా ఉండే లానోలిన్ అనే మైనాన్ని తిరిగి పట్టిస్తే నీరు జారిపోతుంది. మన గొర్రెల కాపరులు వానలో గొంగడి కప్పుకుని తిరిగేది ఉన్నికి ఉన్న ఈ గుణం వల్లనే. గొంగడి ఉన్ని ముతకది కాబట్టి పసివారికి పనికిరాదు, మెరీనో జాతి గొర్రెల మెత్తటి ఉన్ని కావాలి. యాక్రిలిక్ అనే కృత్రిమ నూలు కలిసిన స్వెటరు ముడుచుకోదు, చీటీ చూసి తీసుకోండి. గాలి ఆడటంలో దీనికి సాటి లేదు కానీ ఆరడానికి చాలా సమయం పడుతుంది, విజయవాడ వానాకాలంలో అది ఇబ్బందే.

సమాధానం (శిశువుల వార్డులో నర్సుగా పనిచేసి విరమించినవారు)

గజ్జల్లో ఎరుపు గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి రాస్తున్నాను. మూత్రం, మలం కలిసి చర్మం మీద నిలిచినప్పుడు అమ్మోనియా పుట్టి చర్మపు ఆమ్లగుణం తగ్గుతుంది, దానితో మలంలోని ఎంజైములు చురుకై చర్మాన్ని దెబ్బతీస్తాయి. కవరు వేసినప్పుడు తడి బయటికి కనిపించదు కాబట్టి పెద్దవాళ్లు మార్చడం ఆలస్యం చేస్తారు. అది చాలా ఇళ్లలో చూశాను. పగలు రెండు గంటలకు ఒకసారి వేలు పెట్టి చూడండి, విరేచనమైతే ఆ క్షణమే మార్చండి. రోజులో కొంతసేపు కవరూ లంగోటా రెండూ లేకుండా పాపను గాలికి పడుకోబెట్టండి. జింక్ ఆక్సైడ్ క్రీము పలుచగా రాయవచ్చు. ఎరుపు ముడతల లోపలి దాకా గాఢంగా పాకి, చుట్టూ చిన్న చిన్న పొక్కులు కనిపిస్తే అది శిలీంధ్రం కావచ్చు. అలాంటప్పుడు కానీ, రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా కానీ పిల్లల వైద్యునికి చూపించాలి.

లంగోటాలను మరిగించి ఎండలో ఆరవేయవచ్చు. పీయూఎల్ కవర్లను మాత్రం మరిగించకూడదు, బ్లీచింగు వేయకూడదు, ఇస్త్రీ చేయకూడదు, పొర ఊడిపోతుంది. బట్టలు మెత్తబడేందుకు వేసే ద్రవాన్ని లంగోటాల నీటిలో కలపవద్దు, పోగుల మీద పూతలా పట్టి పీల్చే గుణాన్ని తగ్గిస్తుంది.

ప్రశ్న అడిగినవారు, 12 రోజుల తరువాత

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ముందుగా పాత కవర్లలోని లైనింగును, నూలు పైపింగును ఊడదీసి చూశాను. ఆ ఒక్క మార్పుతోనే రెండు గంటలు పొడిగా నిలిచింది. తరువాత మీటరు పీయూఎల్ తెప్పించి నాలుగు కవర్లు కుట్టాను. మొదటిదానిలో ఎలాస్టిక్ ఎక్కువ బిగిసి తొడపై గీత పడింది, దానిని విప్పి మళ్లీ కుట్టాను. క్రీము, గాలి, తరచుగా మార్చడం వల్ల ఎరుపు నాలుగు రోజుల్లో పూర్తిగా తగ్గింది, వైద్యురాలు కూడా చూసి భయపడనవసరం లేదన్నారు. వచ్చే నెల మా చెల్లెలికి కాన్పు. పుట్టిన బిడ్డకు ఇదే కొలత చిన్నది చేసి కుట్టవచ్చా?

వరంగల్ నుంచి

కుట్టవచ్చమ్మా, కానీ ముందు భాగాన్ని బొడ్డు కిందికి దిగేలా వంపుగా కత్తిరించండి. బొడ్డుతాడు ఎండి రాలేదాకా దాని మీద ఎలాస్టిక్ కానీ తడి కానీ ఉండకూడదు. వెల్క్రో బదులు రెండు వరుసల టిచ్ బటన్లు పెడితే ఒక నెల అదనంగా పనికొస్తుంది. ఆ కొలతలో మూడింటికి మించి కుట్టవద్దు, మిగిలిన గుడ్డ మూడో నెలకు దాచండి.