అప్‌డేట్: పాత మెట్లు కొట్టేసి కొత్తవి వేయించాం
మా పాతింట్లో మెట్లు మరీ నిటారుగా ఉన్నాయి, అమ్మ ఎక్కలేకపోతోంది, ఐరన్‌వి పెట్టించాలా స్లాబ్ పోయించాలా అని అడిగా కదా, చివరికి స్లాబే పోయించాం. ఐరన్ అయితే తొందరగా అయిపోయేది కానీ నడుస్తుంటే వచ్చే ఆ సౌండ్ అమ్మకి పడదు. అసలు తేడా అంతా ఎత్తులోనే, పది అడుగుల హైట్‌కి పాతవి 13 మెట్లే, అంటే ఒక్కోటి 9 అంగుళాల పైనే, ఇప్పుడు 17 చేస్తే 7 అంగుళాలకి దిగింది, బేసి సంఖ్యే కాబట్టి నాన్న వాస్తు తీయలేదు 😀 మలుపు లేకుండా తిన్నగా వేస్తే మెట్ల పొడవు 13 అడుగులు దాటుతుంది, హాల్లో అంత చోటెక్కడ, అందుకే మధ్యలో ల్యాండింగ్ (కాస్త ఆగడానికి చదునైన చోటు) ఇచ్చి తిప్పాం. పాలిష్ గ్రానైట్ తడిస్తే జారుతుందని కాస్త గరుకుగా ఉండే లెదర్ ఫినిష్ గ్రానైట్ వేశాం. రెయిలింగే ఇంకా రాలేదు, వెల్డర్ రేపు రేపు అంటున్నాడు.