ఒకే పేరుతో రిజిస్టర్‌లో ఇంతమంది డాక్టర్లు, మా డాక్టర్ ఎవరో ఎట్లా గుర్తుపట్టాలి?

దేవరకొండ బిడ్డ

అందరికీ నమస్తే. కొంచెం అర్జెంట్, తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. మా నాయినకి గాల్‌బ్లాడర్‌లో రాళ్లు ఉన్నాయని నల్లగొండలో ఒక ప్రైవేట్ హాస్పిటల్‌లో చూపిస్తున్నాం, వచ్చే వారం ఆపరేషన్ అన్నారు. డాక్టర్ మీద మాకు ఏ కంప్లైంటూ లేదు, స్కానింగ్ ఫిల్మ్ ముందు పెట్టుకుని రాయి ఎక్కడుందో మా నాయినకి అర్థమయ్యేటట్టు చూపించి మరీ చెప్పారు. అయితే మొన్న మా చిన్నాయన కొడుకు ఫ్యామిలీ గ్రూప్‌లో ఒక పాత పేపర్ వార్త స్క్రీన్‌షాట్ పెట్టాడు. ఎవరో డాక్టర్‌ని మెడికల్ కౌన్సిల్ కొన్ని నెలలు సస్పెండ్ చేసిందట. పేరు అచ్చం మా డాక్టర్ పేరే, ఇంటిపేరు మొదటి అక్షరం కూడా అదే. ఇక ఇంట్లో ఒకటే లొల్లి. మా మేనత్త హైదరాబాద్ తీసుకుపోదాం అంటుంది, మా నాయినేమో అసలు ఆపరేషనే వద్దు, మందులతో సరిపెట్టుకుంటా అంటున్నాడు. నొప్పి వచ్చినప్పుడు మనిషి మెలికలు తిరిగిపోతాడు, అది చూసేది మేము.

నేను కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు కొట్టి చూశాను. అసలు పేరు ఇక్కడ రాయను, శ్రీనివాస్ రెడ్డి లాంటిదే అనుకోండి, మన దగ్గర గల్లీకొకరు ఉంటారు. అదే పేరు ఒకదాని కింద ఒకటి వస్తూనే ఉంది. కొన్నిటి పక్కన ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్ అని, కొన్నిటికి తెలంగాణ అని, ఒకదానికి కర్ణాటక అని ఉంది. శ్రీ అనే అక్షరాన్ని ఇంగ్లిష్‌లో ఒకరు ఒక రకంగా, ఇంకొకరు ఇంకో రకంగా రాశారు, అది మార్చి కొడితే ఇంకో లిస్టు వస్తోంది. వీళ్లలో మా డాక్టర్ ఎవరు, పేపర్‌లో వచ్చినాయన ఎవరు, ఎట్లా తేల్చుకోవాలి? సార్‌నే అడుగుదామంటే మొహమాటంగా ఉంది, రేపు ఆపరేషన్ చేసేది ఆయనే కదా.

పాలమూరు హౌస్ సర్జన్

తమ్ముడూ, ముందు పేరుతో వెతకడం ఆపేయ్. ఎంత వెతికినా ఎంతకీ తెగదు. మీ నాయిన మందుల చీటీ తీసి చూడు, డాక్టర్ పేరు కింద ఎంబీబీఎస్, ఎంఎస్ అని చదువు ఉంటుంది, దాని పక్కనో కిందో చిన్న అక్షరాల్లో రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది. అక్కడ లేకపోతే సంతకం దగ్గర రబ్బర్ స్టాంపులో చూడు, చాలామంది అందులో వేయించుకుంటారు. ఇది డాక్టర్ ఇష్టాన్ని బట్టి ఉండేది కాదు. మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2002లో తెచ్చిన నడవడిక నియమాల్లో స్పష్టంగా ఉంది, క్లినిక్‌లోనూ, ప్రతి మందుల చీటీ మీదా, సర్టిఫికెట్ మీదా, డబ్బు కట్టిన రసీదు మీదా ఆ నంబర్ కనపడాలి. కాబట్టి రిసెప్షన్‌లో అడగడానికి మొహమాటం అక్కర్లేదు, అడిగితే రాసిస్తారు.

నంబర్ దొరికిందని అక్కడితో ఆగొద్దు, ఒక్క నంబర్ చాలదు. ఒక్కో రాష్ట్ర కౌన్సిల్ తన వరుసలో తాను నంబర్లు ఇచ్చుకుంటూ పోతుంది, అందుకని అదే అంకె మన రాష్ట్రంలో ఒకరికి, కర్ణాటకలో ఇంకొకరికి, మహారాష్ట్రలో మరొకరికి ఉంటుంది. కౌన్సిల్ పేరు, నంబర్ రెండూ కలిపి చూస్తేనే ఒక మనిషి దొరుకుతాడు. మన దగ్గర దీనికి తోడు ఇంకో చిక్కుంది. 2014 జూన్ 2 కన్నా ముందు రిజిస్టర్ అయినవాళ్లందరూ ఉమ్మడి రాష్ట్రం కౌన్సిల్‌లో అయినవాళ్లే, వాళ్ల నంబర్ ముందు ఏపీఎంసీ, అంటే ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్, అని ఉంటుంది. అది చూసి ఈయన ఆంధ్రా డాక్టర్, మన సార్ కాదు అనుకోవద్దు. తర్వాత తెలంగాణ కౌన్సిల్‌లో చేరినవాళ్లకి ఇక్కడి నంబర్ వచ్చింది, పాత వరుస కూడా ఆ లిస్టులో అట్లనే ఉండిపోవచ్చు. అంటే నీకు కనపడిన ఇద్దరు శ్రీనివాస్ రెడ్డిలు నిజానికి ఒక్క మనిషే అయి ఉండొచ్చు.

అది తేలాలంటే తండ్రి పేరు చూడు. ఢిల్లీ వాళ్ల లిస్టులో, అంటే నేషనల్ మెడికల్ కమిషన్ సైట్‌లో, పేరు పక్కనే తండ్రి పేరు కాలమ్ ఉంటుంది, లోపలికి వెళ్తే ఏ డిగ్రీ, ఏ సంవత్సరం, ఏ యూనివర్సిటీ అని ఉంటుంది. ఈ నాలుగు కలిస్తే ఇక అనుమానం పెట్టుకోనక్కర్లేదు. యూనివర్సిటీ పేరు చూసినా వయసు అంచనాకి వస్తుంది. విజయవాడ హెల్త్ యూనివర్సిటీ వచ్చిందే 1986లో, దానికి ముందు చదివినవాళ్లకి ఉస్మానియా అనో కాకతీయ అనో ఉంటుంది. వరంగల్ కాళోజీ యూనివర్సిటీ అని ఉంటే తెలంగాణ వచ్చాక చదివినవాళ్లు. మీ సార్‌కి యాభై దాటి ఉంటే ఎంబీబీఎస్ కాళోజీ అని ఉన్న వరుస ఆయనది కాదు.

2024 ఆగస్టులో నేషనల్ మెడికల్ రిజిస్టర్ అని కొత్త పోర్టల్ కూడా మొదలైంది, ఆధార్‌తో కలిపి దేశం మొత్తానికి ఒక్కో డాక్టర్‌కి ఒక్కో ఐడీ ఇచ్చేది. అందులో పేరు కనపడకపోతే దొంగ డాక్టర్ అని మాత్రం అనుకోవద్దు, అందరూ ఒక్కసారిగా చేరిపోరు.

నల్లగొండ కోర్టు అడ్వకేట్

పైన డాక్టర్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. నేను ఆ స్క్రీన్‌షాట్ గురించి చెప్తాను. అందులో డాక్టర్ ఊరు ఏమని ఉంది, ఏ స్పెషాలిటీ, ఏ రాష్ట్రం కౌన్సిల్, ఏ సంవత్సరం? ఈ నాలుగూ చదవకుండా పేరు ఒక్కటి చూసి గ్రూపులో పడేయడం చాలా పెద్ద తప్పు. ఒక మనిషి ఇరవై ఏళ్లు కష్టపడి సంపాదించుకున్న పేరు ఒక్క ఫార్వర్డ్‌తో పోతుంది. పరువు నష్టం కింద కేసు కూడా అవుతుంది, కొత్త చట్టం భారతీయ న్యాయ సంహితలో అది 356వ సెక్షన్. మీ చిన్నాయన కొడుకుని భయపెట్టడానికి చెప్పడం లేదు, ముందు ఆ మెసేజ్ తీయించండి.

మా వృత్తిలో కూడా ఇదే బాధ. కోర్టు కేసుల వివరాలు చూసే ఈకోర్ట్స్ సైట్‌లో అడ్వకేట్ పేరుతో వెతికితే ఒకే పేరున్న నలుగురి కేసులు కలిసి వస్తాయి. అందుకే అక్కడ బార్ రిజిస్ట్రేషన్ నంబర్‌తో వెతికే దారి విడిగా పెట్టారు, రాష్ట్రం కోడ్, నంబర్, సంవత్సరం మూడూ కొట్టాలి. పాతవాళ్లకి ఏపీ అని, రాష్ట్రం వచ్చాక చేరినవాళ్లకి తెలంగాణ కోడ్ తో మొదలవుతుంది. ఇంకా ఘోరం ఏంటంటే పార్టీ పేరుతో, అంటే కేసులో ఉన్నవాళ్ల పేరుతో వెతకడం. పెళ్లి సంబంధం చూసేవాళ్లు, ఉద్యోగం ఇచ్చేవాళ్లు పిల్లవాడి పేరు కొట్టి, ఎవరి మీదో ఉన్న క్రిమినల్ కేసు చూసి, అతనిదే అనుకుని వెనక్కి పోతారు. పోయేవాళ్లు కారణం కూడా చెప్పరు, పిల్లవాడికి ఏం జరిగిందో తెలియదు. ఎఫ్ఐఆర్‌లో తండ్రి పేరు, వయసు, ఊరు ఉంటాయి, అవి చూసే ఓపిక ఎవరికీ లేదు. చెప్తుంటేనే కోపం వస్తుంది నాకు.

కౌన్సిల్ ఎవరినైనా సస్పెండ్ చేస్తే ఆ ఆర్డర్ లో పేరు ఒక్కటే కాదు, రిజిస్ట్రేషన్ నంబర్ కూడా ఉంటుంది. వార్తలో నంబర్ రాయరు కాబట్టి మీకు కనపడదు. ఇంకా అనుమానం ఉంటే మీ డాక్టర్ నంబర్ రాసి ఈయన మీద ఏదైనా చర్య ఉందా అని కౌన్సిల్‌కి మెయిల్ పెట్టండి.

మిర్యాలగూడ లెక్చరర్

మన జిల్లాల్లో ఈ సమస్య మరీ ఎక్కువ, ఎందుకంటే మన పేర్లన్నీ మన దేవుళ్ల దగ్గర్నుంచే వచ్చాయి. యాదగిరిగుట్టకి మొక్కుకుంటే యాదగిరి, యాదయ్య, నర్సింహ. చెర్వుగట్టుకి మొక్కితే రామలింగం, లింగస్వామి. జాన్‌పహాడ్ దర్గాకి మొక్కినవాళ్లు హిందువులైనా సరే పిల్లవాడికి సైదులు అని పెట్టుకుంటారు. పాలమూరు దిక్కు పోతే కురుమూర్తి స్వామి పేరు మీద కురుమయ్యలు, కురుమూర్తులు. మా క్లాసులో హాజరు తీసుకుంటే ఒకే పేరుకి ముగ్గురు పలుకుతారు. ఊళ్లో అయితే ఫలానా వాళ్ల సైదులు అని ఇంటితో కలిపి చెప్పుకుంటాం, తేడా రాదు. సైట్‌లో ఆ ఇల్లు ఉండదు కదా.

పైగా ఇంగ్లిష్ ఫారాల్లో మన పేరు తలకిందులవుతుంది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, దాన్ని ఒక అక్షరానికి కుదిస్తాం. బయటి డేటాబేస్‌లు చివరి మాటే ఇంటిపేరు అనుకుంటాయి, కాబట్టి వాటి లెక్కలో రెడ్డి అన్నది ఇంటిపేరు, మిగతాదంతా రెండు అక్షరాలు. వైద్య పరిశోధన వ్యాసాలు వెతికే పబ్‌మెడ్ సైట్‌లో 2002 ముందు వ్యాసాలకి రచయిత పూర్తి పేరు కూడా ఉండదు, చివరి మాట, పొడి అక్షరాలు మాత్రమే. రెడ్డి కేఎస్ అని కొడితే గుండె డాక్టర్, వేరుశనగ మీద పనిచేసే సైంటిస్ట్, కెమిస్ట్రీ ప్రొఫెసర్ ఒకే మనిషి అన్నట్టు వస్తారు.

మా కెమిస్ట్రీలో ఒక ఇంటర్వ్యూకి వెళ్తే నేను రాయని పేపర్ గురించి ప్రశ్నలు అడిగారు. అది నాది కాదు సార్ అంటే బోర్డులో ఒకాయన నమ్మలేదు, గూగుల్ స్కాలర్‌లో మీ పేరు మీదే ఉంది కదా అన్నారు. అది నా పేరున్న ఇంకొకాయన పేపర్, వేరే రాష్ట్రం. రీసెర్చ్ చేసే పిల్లలందరికీ చెప్తున్నాను, ఆర్కిడ్ (ORCID) ఐడీ, అంటే రీసెర్చ్ చేసేవాళ్లకి ఎవరిది వాళ్లకి ఇచ్చే గుర్తింపు నంబర్, ఈరోజే తీసుకోండి. 2012 నుంచి ఉంది, పదహారు అంకెలు, డబ్బులేం కట్టక్కర్లేదు, పేపర్ పంపేటప్పుడే ఆ ఐడీ ఇస్తే మీ పని మీ దగ్గరే ఉంటుంది. గూగుల్ స్కాలర్ సెట్టింగ్స్‌లో కొత్త పేపర్లు దానంతట అదే కలిపేసుకోకుండా ముందు మీకు మెయిల్ చేసేటట్టు మార్చుకోవచ్చు, అది కూడా చేసుకోండి.

వనపర్తి ఆడిటర్ ఆఫీస్

మా దాంట్లో సీఏ సంతకం పక్కన ఆరంకెల మెంబర్‌షిప్ నంబర్ ఉంటుంది, 2019 నుంచి సర్టిఫికెట్లకి యూడీఐఎన్ అని 18 అక్షరాల నంబర్ కూడా తప్పనిసరి. దాన్ని ఇన్‌స్టిట్యూట్ సైట్‌లో ఎవరైనా చెక్ చేసుకోవచ్చు. ఈవీఎం మీద అభ్యర్థుల ఫోటోలు 2015 నుంచి పెడుతున్నది కూడా ఒకే పేరున్నవాళ్లతో ఓటర్లు తికమక పడకూడదనే. డాక్టర్ల రిజిస్టర్‌లో కూడా ఫోటో పెడితే సగం గొడవ అక్కడే తీరిపోతుందని నా అభిప్రాయం.

దేవరకొండ బిడ్డ

అందరికీ దండాలు. అన్నా, మీరు చెప్పినట్టే చేశాను. చీటీ మీద స్టాంపులో నంబర్ ఉంది, సిరా అలుక్కుపోయి చివరి అంకె మూడో ఎనిమిదో తెలియలేదు. హాస్పిటల్ రసీదు తీస్తే అక్కడ క్లియర్‌గా అచ్చయి ఉంది, ఎనిమిది. ఏపీఎంసీతో మొదలవుతుంది. రిజిస్టర్‌లో కౌన్సిల్ పేరు, ఆ నంబర్ రెండూ కొడితే ఒక్క వరుసే వచ్చింది. తండ్రి పేరు ఉంది, విజయవాడ హెల్త్ యూనివర్సిటీ, సంవత్సరం కూడా సార్ వయసుకి సరిపోతుంది. అదే తండ్రి పేరుతో తెలంగాణ కౌన్సిల్‌లో ఇంకో వరుస ఉంది, మీరన్నట్టు ఇద్దరూ ఒక్కరే. స్క్రీన్‌షాట్ మళ్లీ పెద్దగా చేసి చదివితే సస్పెండ్ అయినాయన చర్మ వ్యాధుల డాక్టర్, చర్య తీసుకున్నది కర్ణాటక కౌన్సిల్.

తర్వాత సార్‌ని కూడా అడిగాను, దాచకుండా వార్త చూపించే అడిగాను. కోప్పడలేదు. గోడ మీద ఉన్న సర్టిఫికెట్ చూపించి నంబర్ కలుపుకోమన్నారు. ఆ వార్త వచ్చినప్పటి నుంచి ఇట్లా ఫోన్లు వస్తున్నాయట, అడిగినవాళ్లు నయం, అడగకుండా మానేసినవాళ్లకి నేను ఏం చెప్పగలను అన్నారు. నాకు చాలా బాధ అనిపించింది. మా తమ్ముడు గ్రూప్‌లో ఆ మెసేజ్ తీసేసి, ఈయన ఆయన కాదు అని రాశాడు. బయటి గ్రూపులకి కూడా పంపి ఉన్నాడు, అక్కడ కూడా రాయమని కూర్చోబెట్టాను. మా నాయిన ఆపరేషన్‌కి ఒప్పుకున్నాడు, మేనత్త ఇంకా పూర్తిగా నమ్మలేదు.

ఇంకేమైనా చూసుకోవాల్సింది ఉందా?

పాలమూరు హౌస్ సర్జన్

మేనత్తకి ఇంకో డాక్టర్ అభిప్రాయం కావాలంటే తప్పు లేదు తమ్ముడూ, రిపోర్టుల కాపీలు అడిగి తీసుకుని చూపించండి. పేషెంట్ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని అదే 2002 నియమాల్లో ఉంది. కానీ రిజిస్టర్‌లో మనిషి దొరికాడంటే చదువు, రిజిస్ట్రేషన్ నిజమని మాత్రమే తెలుస్తుంది, చెయ్యి ఎట్లాంటిదో తెలియదు. అది ఆయన దగ్గర చేయించుకున్నవాళ్లని అడిగి తెలుసుకోవాల్సిందే.

ఇంకొకటి, మత్తు ఇచ్చే డాక్టర్ ఎవరో కూడా అడుగు. ప్రైవేట్‌లో చాలాసార్లు బయటి నుంచి వస్తారు, ఆయన పేరు, నంబర్ ముందే తీసుకుని ఇదే పద్ధతిలో చూసుకో. మీ నాయినకి షుగర్, బీపీ ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా ఆయనకి తప్పకుండా చెప్పాలి.