ఈ వారం సమస్య: మిట్టపగలు నీడ మింగె నేల

నిర్వాహకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

బడులకు సెలవులిచ్చారు. మా ఇంట్లో ముగ్గురు మనవలు దిగారు. ఫోను లాక్కుంటే ఏడుపు, ఇస్తే మనకు టెన్షన్. అందుకని ఈసారి సమస్య వాళ్ళను దృష్టిలో పెట్టుకుని ఇస్తున్నాను.

*మిట్టపగలు నీడ మింగె నేల*

ఆటవెలదిలో ఇది నాలుగో పాదం. దీనికి కుదిరేలా ముందు మూడు పాదాలు మీరు రాయాలి, అదే పూరణ. పూరణలో పిల్లలు ఇంట్లోనే చేసి చూసే పని ఒకటి ఉండాలి. ఛందస్సు ఎంత బాగున్నా, డాబా ఎక్కి చూస్తే అబద్ధమని తేలే పద్యానికి నా దగ్గర సగం మార్కులే.

బ్రాడీపేట తాతయ్య, గుంటూరు

*డాబ మీద నిలిపి డబ్బాను చూడరా*
*నడిమి మింట నినుడు నడచి నిలువ*
*చుట్టు వెదకి చూడ చుక్కంత కనరాదు*
*మిట్టపగలు నీడ మింగె నేల*

నిర్వాహకుడు

తాతయ్యగారూ, నేను ఏ రోజును మనసులో పెట్టుకుని సమస్య ఇచ్చానో మీరు సరిగ్గా అక్కడికే వచ్చారు. విజయవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 6, 7 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా మన నెత్తి మీదికి వస్తాడు. నిటారుగా నిలిపిన వస్తువు నీడ దాని కిందే అణిగిపోతుంది. గుంటూరు కాస్త దక్షిణాన ఉంది కనుక మీకు ఓ రోజు ముందే కావచ్చు. హైదరాబాదులో ఉన్న మనవలకు ఫోన్ చేసి మే 9 దాకా ఆగమనండి. ఢిల్లీలో ఉన్నవాళ్ళకు మాత్రం ఆ యోగం లేదు, అది కర్కటరేఖకు అవతల ఉంది.

యతులు, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో దాని జోడు కుదరడం, డా-డ, న-న, చు-చు. వంక పెట్టడానికి లేదు. అయితే మింట ఇనుడు (సూర్యుడు) 'నిలువ' అన్నారే, అది పన్నెండు గంటలకు అనుకుని పిల్లల్ని ఎండలోకి తోలకండి. మన గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. మనం దానికి దాదాపు 2 డిగ్రీలు పడమరన ఉన్నాం, కాబట్టి 8 నిమిషాలు ఆలస్యం కావాలి. మే నెలలో సూర్యుడు గడియారం కంటే మూడున్నర నిమిషాలు ముందు నడుస్తాడు. అది తీసేస్తే 12 దాటి 4, 5 నిమిషాలకు అసలు మధ్యాహ్నం.

పటమట అమ్మ, విజయవాడ

*సుద్దముక్క పట్టి చూచుచు గీసెను*
*పొద్దుటేమొ గీత పొడుగు గాను*
*అమ్మ! యిప్పు డేది యని పాప యడిగెను*
*మిట్టపగలు నీడ మింగెనేల?*

నిర్వాహకుడు

అమ్మా, దండం! ఇచ్చిన పాదంలో ఒక్క అక్షరం కదపకుండా మింగెన్ + ఏల అని విరిచారు. నేల కాస్తా మాయమై 'ఎందుకు' అయి కూర్చుంది. నీడను మింగింది నేల కాదు, మిట్టపగలే. సమస్య ఇచ్చిన నాకే ఈ విరుపు తట్టలేదు, కాస్త సిగ్గుగానే ఉంది.

సు-చూ యతి చెల్లుతుంది. 'గాను / అమ్మ' దగ్గర సంధి చెయ్యలేదని ఎవరైనా అనవచ్చు. పిల్ల మాట మొదలయ్యే చోట కదా, నేను పట్టించుకోను.

పటమట అమ్మ

ధన్యవాదాలండీ. పద్యంలో ఉన్నది నిజంగా జరిగిందే. పొద్దున 7 నుంచి గంటకోసారి నీళ్ళసీసా నీడ కొసన సుద్దతో గీత గీసి, పక్కన టైము రాయమన్నాను. గంటలన్నీ ఒకటే అయితే గీతల మధ్య దూరాలు ఎందుకు తేడాగా ఉన్నాయని అడిగింది. పొద్దున్నేమో నీడ అంగలు వేసింది, మధ్యాహ్నానికి నత్తలా పాకింది. నేను సరిగా చెప్పలేకపోయాను. మా పక్కింటి లెక్కల మాస్టారు టార్చిలైటు, గరిటె తెచ్చుకుని చూపించారు.

కొత్తపేట నాన్న, గుంటూరు

మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే చెప్పండి.

*గ్లాసు తెచ్చి పెట్టి గంటసేపు నిలిచె*
*ఎండలోన బాబు చెమట కారి*
*కొలిచి చూడబోతె కొంచెమైనను లేదు*
*మిట్టపగలు నీడ మింగె నేల*

నిర్వాహకుడు

గణాలు అన్నీ కుదిరాయి బాబూ, మొదటిసారికి అది చిన్న విషయం కాదు. రెండో పాదంలో యతి తప్పింది. ఎ-చె: స్వరం కలిసింది, హల్లు కలవలేదు. 'చిన్న బాబు మోము చెమట కార' అంటే చి-చె సరిపోతుంది.

భవానీపురం అత్తయ్య

యతి సంగతి తర్వాత, కర్తరి ఎండలో గంటసేపా! వేసవి ముదిరే డొల్లు కర్తరి రోజులు అవి. ఐదు నిమిషాలు చాలు. టోపీ పెట్టండి, కాళ్ళకు చెప్పులు వేయండి, దిగిరాగానే ఉప్పేసిన మజ్జిగ ఇవ్వండి. సూర్యుడి వంక చూడవద్దని ముందే గట్టిగా చెప్పండి.

బ్రాడీపేట తాతయ్య

గ్లాసుతోనూ చిక్కుంది నాయనా. కిందటేడు నేను పరువు పోగొట్టుకున్నది దానితోనే. మన స్టీలు గ్లాసు పైన వెడల్పు, కింద సన్నం. సూర్యుడు నడినెత్తిన ఉన్నా అంచు నీడ అడుగు చుట్టూ పడుతుంది. "తాతా, నీడ గుండ్రంగా ఉందిగా!" అని మా మనవడు చప్పట్లు కొట్టాడు. అందుకే నా పద్యంలో డబ్బా పెట్టాను. అడుగు కంటే పైన ఎక్కడా వెడల్పు లేనిది కావాలి.

కొత్తపేట నాన్న

అందరి మాటా విని మార్చాను. మొదటి పాదం: *సీస తెచ్చి పెట్టి చిటికెసేపు నిలిచె.* సరేనా?

నిర్వాహకుడు

సరే. పద్యమూ నిలబడింది, పిల్లాడూ వడదెబ్బ తప్పించుకున్నాడు.

వన్‌టౌన్ పెంకుటిల్లు, విజయవాడ

అందరూ డాబా ఎక్కితే ఎలా? నేను లోపలే ఉన్నాను.

*పెంకుటింటి గదిని వెలుగుల నాణెము*
*చిల్లు వెంట జారి చిందులాడె*
*నల్లనైన గచ్చు నవ్వె తెల్లగ నదె*
*మిట్టపగలు నీడ మింగె నేల*

నిర్వాహకుడు

పెం-వె యతి గురించి ఎవరూ గొడవ చెయ్యకండి, చెల్లుతుంది. మూడో పాదం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. నల్లగచ్చు తెల్లగా నవ్వడం! ఇక్కడ నేల అంటే గచ్చు, నీడ అంటే గదిలోని చీకటి. పాదం పాతదే, వేసిన దారి వేరు.

చిల్లు ఏ ఆకారంలో ఉన్నా దూరంగా పడే చుక్క గుండ్రంగానే ఉంటుంది, అది సూర్యుడి బొమ్మ కనుక. పెంకుల్లేని ఫ్లాటు వాళ్ళు అట్టపెట్టెకు ఒక పక్క అల్యూమినియం కాగితం అంటించి గుండుసూదితో పొడవండి, ఎదుటి పక్క తెల్లకాగితం పెట్టండి. ఒక మీటరు దూరానికి చుక్క సుమారు 9 మిల్లీమీటర్లు వస్తుంది. సూర్యుడి దూరం 15 కోట్ల కిలోమీటర్లు. దాన్ని 9తో గుణించి 1000తో భాగించమంటే ఐదో తరగతి పిల్లలు 13.5 లక్షల కిలోమీటర్లని తేలుస్తారు. అసలు సూర్యుడి వ్యాసం సుమారు 13.9 లక్షలు. గచ్చు మీద కూర్చుని అంత దగ్గరగా రావడం తక్కువేం కాదు.

భవానీపురం అత్తయ్య (మే 7)

మా సంగతి వినండి. పొద్దుటి నుంచి నిప్పులు చెరిగి, సరిగ్గా 12కి మొహం చాటేశాడు మహానుభావుడు.

*మబ్బు కమ్ముకొనియె మాయింటి మీదనే*
*సీస పట్టుకొన్న చిన్ని యేడ్చె*
*ఊరుకోవె తల్లి యూరకే యేడ్వకు*
*మిట్టపగలు నీడ మింగె నేల*

నిర్వాహకుడు

అత్తయ్యగారూ, మబ్బు చేసిన పనిని నేల ఖాతాలో రాశారు. పిల్లను ఊరుకోబెట్టే అమ్మమ్మ మాట కనుక చెల్లించేస్తున్నాను, సగం మార్కులు కోయను. చిన్నితో చెప్పండి, ఆగస్టు 6 ప్రాంతంలో సూర్యుడు దక్షిణానికి తిరిగి వెళ్తూ మళ్ళీ మన నెత్తి మీదుగానే పోతాడు. బడి ఉంటుంది, వానాకాలం మబ్బులూ ఉంటాయి. సీసా మాత్రం పారెయ్యవద్దు.