వైశ్యులకు స్కోలిన్ మత్తు: ఏ పరీక్ష చేయించాలి? గోత్రాలు వేరైనా ఈ లోపం ఎందుకొస్తుంది?

నీలిగోరింట అడిగారు:

ఆపరేషన్‌కి ముందు పరీక్షలు రాసేటప్పుడు కొందరు మత్తు డాక్టర్లు "మీరు ఆర్యవైశ్యులా?" అని అడుగుతున్నారు. అవునంటే సూడోకోలినెస్టరేజ్ అనే రక్తపరీక్ష రాస్తున్నారు. స్కోలిన్ ఇంజెక్షన్ పడదేమోనని చూడటానికట. ఇది అలర్జీ లాంటిదా? ల్యాబుల్లో ఒకచోట కోలినెస్టరేజ్ అంటారు, ఇంకోచోట డిబుకైన్ నంబర్ అంటారు, మరోచోట జన్యుపరీక్షే చేయించమంటారు. వీటిలో ఏది సరిపోతుంది? ఇంకో సందేహం. సగోత్రంలో పెళ్లిళ్లు చేసుకోరు కదా, అయినా ఒకే లోపం ఇంతమందిలో ఎలా ఉంది? మేనరికాల వల్లేనా? ఆన్‌లైన్‌లో అమ్మే డీఎన్ఏ కిట్లలో ఇది తెలుస్తుందా? విషయం తెలిసినవాళ్లు వివరంగా రాయగలరు.

మత్తుగది:

అలర్జీ కాదండి. కేసు షీటులో "స్కోలిన్ అలర్జీ" అని రాయించుకోవద్దు కూడా. అలా రాస్తే తర్వాత చూసే డాక్టరు దద్దుర్లు, ఆయాసం, బీపీ పడిపోవడం గురించి ఆలోచిస్తారు. అసలు సంగతి వేరు.

స్కోలిన్ అంటే సక్సినైల్‌కోలిన్. గొంతులోకి గొట్టం వేయడానికి కండరాలను సడలించే మందు. మోతాదు కిలో బరువుకు 1 నుంచి 1.5 మి.గ్రా. నిమిషంలోపే ఒళ్లంతా సన్నగా అదిరి, ఆపైన కండరాలన్నీ వదులైపోతాయి. ఊపిరి తీసే కండరాలూ అంతే. రక్తంలో ఉండే సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ ఈ మందును ఎంత వేగంగా విడగొడుతుందంటే, ఇచ్చినదాంట్లో కొంచెమే కండరం దాకా చేరుతుంది. అందుకే 5 నుంచి 10 నిమిషాల్లో ఊపిరి తిరిగొస్తుంది. ఎంజైమ్ లేనివాళ్లలో మందు చాలా ఎక్కువగా కండరం దగ్గరికి చేరి, గంటల తరబడి అక్కడే ఉండిపోతుంది. మిగతా రోజుల్లో ఈ ఎంజైమ్ లేకపోయినా ఏ ఇబ్బందీ ఉండదు. తిండికీ పనికీ ఆయుష్షుకీ దానితో సంబంధం లేదు. అందుకే చాలామందికి ఆపరేషన్ బల్లమీదే మొదటిసారి బయటపడుతుంది.

ఎక్కడ పొరపాటు జరుగుతుందో చెబుతాను. చిన్న ఆపరేషన్ అయిపోయింది, మత్తు ఆపేశారు, మనిషి కదలడం లేదు. ఇంకా మత్తులోనే ఉన్నారనుకుంటారు. కానీ లోపల తెలివి వచ్చేసి ఉండొచ్చు. నాడి వేగం, బీపీ పెరగడం, కళ్ల వెంట నీళ్లు కారడం, చెమట పట్టడం దానికి గుర్తులు. ఆ సమయంలో మామూలు అలవాటు కొద్దీ, మిగతా కండర సడలింపు మందులకు విరుగుడుగా వాడే నియోస్టిగ్మిన్ ఇస్తే పరిస్థితి ఇంకా చిక్కుపడుతుంది, ఎందుకంటే అది మిగిలిన కాస్త ఎంజైమ్‌నూ అణచేస్తుంది. చేయాల్సింది ఇది: వెంటిలేటర్ తీయకూడదు, నిద్రమందు ఆపకూడదు. మణికట్టు దగ్గర నర్వ్ స్టిమ్యులేటర్ (నరానికి చిన్న కరెంటు ఇచ్చి కండరం కదలికను చూసే పరికరం) పెట్టి వరసగా నాలుగు స్పందనలూ సమానమైన బలంతో వచ్చేదాకా ఆగాలి, తర్వాతే గొట్టం తీయాలి. ప్లాస్మా ఎక్కిస్తే ఎంజైమ్ అందుతుంది నిజమే. కానీ నాలుగు గంటలు తగ్గించడం కోసం వేరేవాళ్ల ప్లాస్మా ఎక్కించి రియాక్షన్ తెచ్చుకోవడం నాకు సబబుగా అనిపించదు. వెంటిలేటర్ ఉన్నచోట ఓపిక పట్టడమే మేలు.

స్కోలిన్ తర్వాత ఇంకో కండర సడలింపు మందు ఇచ్చే ముందు మొదటిది దిగిందో లేదో స్టిమ్యులేటర్‌తో చూసుకునే అలవాటుంటే, ఈ లోపం పావుగంటలో దొరికిపోతుంది. చూడకుండా రెండోది ఇచ్చేస్తే ఆలస్యం దేనివల్లో తేల్చలేం.

స్కోలిన్ బదులు వాడదగ్గ మందులు ఉన్నాయి. రోక్యురోనియం కిలోకు 1.2 మి.గ్రా. ఇస్తే నిమిషం అటూఇటుగా గొట్టం వేయొచ్చు. వెంటనే విరుగుడు కావాలంటే సుగమాడెక్స్ కిలోకు 16 మి.గ్రా. దాని ఖరీదు మాత్రం ఎక్కువ, అన్ని ఆసుపత్రుల్లో ఉండదు. అట్రాక్యూరియం అనే ఇంకో సడలింపు మందుకూ ఈ ఎంజైమ్‌తో పనిలేదు. మివాక్యూరియం అనే సడలింపు మందు మాత్రం స్కోలిన్ లాగే కూడదు. ప్రొపొఫాల్, థయోపెంటోన్, కెటమిన్, ఫెంటనిల్, పీల్చే మత్తులు అన్నీ వాడొచ్చు. పంటి డాక్టరు వాడే లిగ్నోకైన్, వెన్నులో ఇచ్చే బుపివకైన్‌తోనూ ఇబ్బంది లేదు. క్లోరోప్రొకైన్ అనే మొద్దుబార్చే మందు పేరు వినబడితే మాత్రం ముందే చెప్పండి, దాన్ని విడగొట్టేది ఈ ఎంజైమే.

ఒక చోటు అందరూ మరిచిపోతారు. మానసిక వైద్యంలో ఇచ్చే కరెంటు చికిత్సకు స్కోలినే వాడతారు. అది ఆపరేషన్ థియేటర్ బయట జరుగుతుంది కాబట్టి ఈ ప్రశ్న అడగకపోవచ్చు. అక్కడ ఇంటివాళ్లే గుర్తుచేయాలి.

ల్యాబ్‌బెంచి:

పరీక్షల సంగతి నేను చెబుతాను. ఈ లోపానికి మొదటి పరీక్షగా రక్తంలో ఎంజైమ్ పనితనం చూస్తే చాలు. ఖర్చు తక్కువ. పురుగుమందు తాగినవాళ్లకు చేసే పరీక్షే ఇది, కాబట్టి పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లోనూ దొరుకుతుంది. అడిగేటప్పుడు "సీరం సూడోకోలినెస్టరేజ్" అని స్పష్టంగా అడగండి. ఎర్రకణాల్లో ఉండే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ వేరే ఎంజైమ్, దాని ఫలితం ఇక్కడ పనికిరాదు. 37 డిగ్రీల దగ్గర బ్యూటిరిల్‌థయోకోలిన్ పద్ధతిలో చేస్తే మామూలు విలువలు లీటరుకు సుమారు 5,000 నుంచి 12,000 యూనిట్లు. పద్ధతిని బట్టి అంకెలు మారతాయి, అందుకని రిపోర్టులో పక్కనే ముద్రించిన పరిధితోనే పోల్చండి. వైశ్యుల్లో కనబడే రకంలో, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే జన్యువు ప్రతులు రెండూ లోపమున్నవైతే విలువ కాస్త తగ్గడం కాదు, దాదాపు సున్నాకి పడిపోతుంది.

డిబుకైన్ నంబర్ దగ్గరే చాలామంది పొరబడతారు. 1957లో కాలో, జెనెస్ట్ తెచ్చిన పద్ధతి అది. డిబుకైన్ కలిపినప్పుడు ఎంజైమ్ ఎంత శాతం అణిగిందో చూస్తారు: మామూలువారికి 80 దగ్గర, ఒక ప్రతి తేడా ఉంటే 40 నుంచి 60, రెండూ తేడా ఉంటే 20 దగ్గర. అది యూరప్ జనాల్లో ఎక్కువగా కనబడే "ఎటిపికల్" రకాన్ని పట్టడానికి పుట్టింది. అక్కడ ఎంజైమ్ ఉంటుంది, కానీ దాని స్వభావం మారి ఉంటుంది. ఇక్కడ అసలు ఎంజైమే లేదు. లేనిదాంట్లో ఎంత శాతం అణిగిందని లెక్కకడతాం? కాబట్టి పనితనం విలువ చూడకుండా డిబుకైన్ నంబర్ ఒక్కటే చూసి "పర్లేదు" అనుకోవద్దు.

విలువ తగ్గించే వేరే కారణాలూ ఉన్నాయి: కాలేయ జబ్బు, గర్భం, పోషకాహార లోపం, కాలిన గాయాలు, సైక్లోఫాస్ఫమైడ్, బాంబ్యుటెరాల్ వంటి మందులు, పొలంలో ఆర్గనోఫాస్ఫేట్ పురుగుమందుల వాడకం. పురుగుమందు తగిలినవాళ్లయితే నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి మళ్లీ చేయించాలి. రివర్స్‌లో కూడా మోసం జరుగుతుంది. ఈమధ్యే రక్తం గానీ ప్లాస్మా గానీ ఎక్కించి ఉంటే దాతల ఎంజైమ్ వల్ల లోపమున్నా మామూలు విలువ రావచ్చు. ఆపరేషన్‌లో అనుమానం వస్తే, ప్లాస్మా ఎక్కించే ముందే శాంపిల్ తీసి పెట్టుకోవాలని అందుకే అంటాం.

విలువ బాగా తక్కువొస్తే డీఎన్ఏ పరీక్ష. ఊదారంగు మూత ఈడీటీఏ ట్యూబులో 2, 3 మి.లీ. రక్తం చాలు. ఈ ఎంజైమ్‌ను తయారుచేసే బీసీహెచ్ఈ జన్యువులో రెండో ఎక్సాన్ అనే భాగాన్ని శాంగర్ పద్ధతిలో (అక్షరం తర్వాత అక్షరంగా) చదివించమనండి, మార్పు ఉండేది అందులోనే. కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2006లో వైశ్యుల్లో ఈ మార్పును ప్రచురించారు. ప్రొటీన్‌లో 307వ స్థానంలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట ప్రోలిన్ వచ్చింది. ఇప్పటి రిపోర్టుల్లో అదే 335 అని రాస్తారు. మొదట్లో తెగిపోయే 28 అమైనో ఆమ్లాల తోకను కూడా కలిపి లెక్కపెట్టడం వల్ల ఆ తేడా, మార్పు మాత్రం ఒక్కటే. జన్యువులో చూస్తే 1004వ అక్షరం టి బదులు సి. రెండు అంకెలు చూసి రెండు లోపాలున్నాయని కంగారుపడొద్దు.

ఆన్‌లైన్ కిట్లు మొత్తం జన్యువును చదవవు. చిప్ మీద ముందే ఎంచుకున్న కొన్ని లక్షల చోట్లనే చూస్తాయి. ఆ ఎంపికలో ఈ చోటు లేకపోతే రిపోర్టు మౌనంగా ఉంటుంది. మౌనాన్ని "లేదు" అని చదువుకోకూడదు.

మూడోక్రోమోజోమ్:

గోత్రం ప్రశ్న మంచిది. గోత్రం తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది, అచ్చం వై క్రోమోజోమ్ లాగా. ఈ జన్యువేమో మూడో క్రోమోజోమ్ మీద ఉంది. అది తల్లి నుంచీ రావచ్చు, తండ్రి నుంచీ రావచ్చు. ఒక గోత్రపు ఆడపిల్ల ఇంకో గోత్రంలోకి కోడలిగా వెళ్తే ఇంటిపేరు, గోత్రం మారతాయి, ఆమె కణాల్లోని మార్పు మారదు. అది కొత్త గోత్రపు పిల్లల్లోకి వెళ్తుంది. ఇలా పది తరాలు తిరిగితే చాలు, 102 గోత్రాల్లో ఏ గోత్రంలోనైనా ఉండొచ్చు. సగోత్రం మానడం వల్ల తండ్రి వరసలో చుట్టరికం తప్పుతుందంతే.

ఇంతమందిలో ఎందుకుందంటే, మూలపురుషులు కొద్దిమంది కావడం. 2009లో అమెరికా జన్యుశాస్త్రవేత్త డేవిడ్ రైక్, హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన కుమారస్వామి తంగరాజ్, లాల్‌జీ సింగ్ తదితరులు 25 సమూహాలకు చెందిన 132 మంది డీఎన్ఏ చూశారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ వైశ్యుల్లో అలా కొద్దిమంది నుంచే సమూహం పెరిగిన ఇరుకు దశ 100 తరాల కంటే వెనకే జరిగిందని లెక్క తేలింది. తరానికి 25 ఏళ్లనుకున్నా 2,500 ఏళ్లు. ఆ తర్వాత బయటి నుంచి వచ్చి కలిసినవాళ్లు సగటున తరానికి 30లో ఒకరి కంటే తక్కువ. అంతకంటే ఎక్కువ కలిసుంటే ఆ ఆనవాలు ఈపాటికి చెరిగిపోయేది.

ఈ కాలం ఎలా తెలుస్తుందంటే, ముక్కల పొడవును బట్టి. ఒకే పూర్వీకుడి నుంచి ఇద్దరికి వచ్చిన డీఎన్ఏ ముక్క ప్రతి తరంలోనూ తెగుతూ చిన్నదవుతుంది. మేనబావ, మేనమరదలు పెళ్లి చేసుకుంటే పిల్లల్లో రెండు వైపులా ఒకేలా ఉండే ముక్కలు సగటున 16, 17 సెంటీమోర్గాన్లు (డీఎన్ఏ ముక్కల పొడవుకు వాడే కొలత). వంద తరాల కిందటి పూర్వీకుడి నుంచి ఇవాళ్టి ఇద్దరికి వచ్చినవైతే అర సెంటీమోర్గాన్. మేనరికాల జాడ వేరు, పాత మూలాల జాడ వేరు అని చెప్పగలిగేది దీనివల్లే. ఆ మూలపురుషులు ఏ ఊళ్లో ఉన్నారో, ఏ పేరుతో పిలుచుకున్నారో ముక్కలు చెప్పవు. పురాణంతో ముడిపెట్టి రాసే పోస్టులు చూసినప్పుడు ఇది గుర్తుంచుకోండి.

మరి మేనరికం పాత్ర? లెక్క కోసం సమూహంలో 20 మందికి ఒకరు వాహకులు, అంటే లోపమున్న ప్రతి ఒక్కటే ఉన్నవాళ్లు, అనుకుందాం. ఇది ఊహించిన అంకె మాత్రమే. చుట్టరికం లేని ఇద్దరి బిడ్డకు లోపం వచ్చే అవకాశం 1,600లో 1. పెళ్లికొడుకు వాహకుడని ముందే తెలిసి, పిల్ల బయటి ఇల్లయితే 80లో 1. మేనమరదలైతే సుమారు 32లో 1, మేనకోడలైతే 16లో 1. అంటే మేనరికం దీన్ని పెంచుతుంది, పుట్టించదు. మేనరికం మానేసినా సమూహంలో ఉన్న మార్పు అలాగే ఉంటుంది.

వైశ్యులొక్కరే ఇలా ఉన్నారని అనుకోవద్దు. 2017లో వచ్చిన పెద్ద అధ్యయనంలో దక్షిణాసియా సమూహాలు 263 చూస్తే, 81 సమూహాల్లో ఫిన్లండ్ వాళ్లకన్నా, అష్కెనాజీ (యూరప్ మూలాల) యూదులకన్నా బలమైన ఇరుకు దశ కనబడింది. వాటిలో 14 సమూహాల జనాభా పదేసి లక్షలపైనే. అష్కెనాజీ యూదులు టే-శాక్స్ అనే ప్రాణాంతక వ్యాధికి 1970ల నుంచి వాహక పరీక్షలు చేసుకుని, ఉత్తర అమెరికాలో ఆ జబ్బుతో పుట్టే పిల్లలను 90 శాతం పైగా తగ్గించుకున్నారు. మన దగ్గర ఏ సమూహంలో ఏ మార్పు ఉందో వెతికే పని ఇంకా చాలా మిగిలే ఉంది.

ఒక్కటి గట్టిగా చెబుతాను. ఈ ఎంజైమ్ లోపం కారణంగా ఏ సంబంధాన్నీ వదులుకోవాల్సిన పనిలేదు. పెళ్లికి ముందు చూసుకోవాల్సింది తలసీమియా లాంటివి. రక్తంలోని హెచ్‌బీఏ2 అనే ఒక రకం హిమోగ్లోబిన్ ఇద్దరికీ 3.5 శాతం దాటితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు తలసీమియా మేజర్ ముప్పు ఉంటుంది, అక్కడ జన్యు సలహాదారు దగ్గరికి వెళ్లి తీరాలి. స్కోలిన్ విషయంలో మందు మారిస్తే సరిపోతుంది.

నీలిగోరింట:

మీ ముగ్గురికీ కృతజ్ఞతలండి. ఇంట్లో ఒకరికి లోపం తేలితే ఇంకెవరెవరు చేయించుకోవాలి? గర్భిణులు, పసిపిల్లలు అయితే ఎలా?

ల్యాబ్‌బెంచి:

ముందు తోబుట్టువులు. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే తోబుట్టువుల్లో ప్రతి ఒక్కరికీ 25 శాతం అవకాశం. తర్వాత తల్లిదండ్రులు, పిల్లలు. సొంత సమూహంలోనే పెళ్లి అయితే జీవిత భాగస్వామి కూడా. గర్భంలో విలువ సుమారు పావు వంతు తగ్గి, కాన్పయ్యాక ఆరు వారాల దాకా అలాగే ఉండొచ్చు. అది సున్నాకి చేరదు కాబట్టి రెండింటినీ వేరుచేసి చూడొచ్చు. పసిపిల్లల్లో పెద్దలకన్నా తక్కువే ఉంటుంది, అర్థం చేసుకోవడం కష్టం. వాళ్లకు డీఎన్ఏ పరీక్షే నయం, ఏ వయసులో చేసినా ఫలితం మారదు. వాహకులకు స్కోలిన్ ప్రభావం మామూలుకన్నా కొద్ది నిమిషాలు ఎక్కువుండొచ్చు, అంతకు మించి భయం లేదు.

మత్తుగది:

లోపం తేలినవాళ్లు పర్సులో ఒక కార్డు పెట్టుకోండి. ఒకవైపు తెలుగులో, రెండోవైపు ఇంగ్లిష్‌లో. ఫోన్‌లో ఫొటో ఒక్కటే సరిపోదు, ప్రమాదంలో ఫోన్ తెరవలేరు. ఇలా రాయండి: "వారసత్వ సూడోకోలినెస్టరేజ్ లోపం. సక్సినైల్‌కోలిన్, మివాక్యూరియం ఇవ్వొద్దు. పొరపాటున ఇస్తే వెంటిలేటర్, నిద్రమందు కొనసాగించండి, నియోస్టిగ్మిన్ ఇవ్వొద్దు." కింద ఎంజైమ్ విలువ, పరీక్ష తేదీ, రక్తపు గ్రూపు, ఇంటివాళ్ల ఫోన్ నంబర్. అలర్జీల గడిలో కాకుండా మత్తు జాగ్రత్తల గడిలో దీన్ని ఎక్కించమని ప్రతి ఆసుపత్రిలోనూ అడగండి.