జింక్స్ మాన్‌సూన్ రెండోసారి పోటీకి వెళ్ళడం అవసరమా?

తెరవెనుక:

ఈ విషయం కొత్తగా చదివేవారి కోసం ముందుగా రెండు మాటలు. డ్రాగ్ అంటే వేషాన్ని, ఎక్కువగా ఆడవేషాన్ని, కావాలనే అతిగా కట్టి ఆడుతూ, పాడుతూ, నవ్విస్తూ చేసే ప్రదర్శన. అమెరికాలో 2009లో మొదలైన ‘రూపాల్స్ డ్రాగ్ రేస్’ ఈ కళాకారుల మధ్య జరిగే టీవీ పోటీ. దాని అయిదో సీజన్‌ను 2013లో గెలిచినవారు జింక్స్ మాన్‌సూన్. పోర్ట్‌లాండ్‌లో పుట్టి, సియాటిల్‌లో నటన చదువుకున్న మనిషి. తొమ్మిదేళ్ళ తరువాత, 2022లో, ఎనిమిది మంది పాత విజేతలను ఒకచోట చేర్చి నడిపిన ‘డ్రాగ్ రేస్ ఆల్ స్టార్స్’ ఏడో సీజన్‌కు ఆమె మళ్ళీ వెళ్ళారు, అదీ గెలిచారు. ఆరు నెలలు తిరగకముందే, 2023 జనవరిలో, న్యూయార్కు పెద్ద థియేటర్ల కేంద్రమైన బ్రాడ్‌వే మీద ‘షికాగో’ సంగీత నాటకంలో జైలు అధికారిణి మామా మోర్టన్ వేషం కట్టారు. ఈ వరుస చూసినవారిలో ఎక్కువమంది రెండో కిరీటమే ఆమెను బ్రాడ్‌వేకు చేర్చిందని తేల్చేశారు.

నేను ఒప్పుకోను. ఆ కిరీటం ఆమెకు అవసరం లేదని, మధ్యనున్న తొమ్మిదేళ్ళ పనే ఆమెను నిలబెట్టిందని, ఆ పని ఫలితాన్ని పోటీ తన పద్దులో రాసుకుందని నా వాదన.

మొదటి గెలుపు వచ్చిన ఏడాదే న్యూయార్కులో, నలభై రెండో వీధిలోని ఒక కేఫ్ కింద నేలమాళిగలో ఉన్న లారీ బీచ్‌మన్ థియేటరులో, ఆమె, పియానో వాయించే మేజర్ స్కేల్స్ కలిసి ‘ది వాడవిలియన్స్’ అనే ప్రదర్శన ఇచ్చారు. కథ వింటేనే నవ్వొస్తుంది. 1920ల నాటి గాయక జంట ఒకటి అంటార్కిటికాలో మంచుచరియ కింద కూరుకుపోయి గడ్డకట్టుకుపోతుంది. ఇన్నేళ్ళకు కరిగి బయటికొచ్చి చూసుకుంటే, తాము కట్టిన పాటలన్నీ ఈ కాలపు గాయకులు తమవిగా చెప్పుకుని పాడేస్తుంటారు. దాంతో మనందరికీ తెలిసిన పాప్ పాటలనే ‘మా అసలు వరుస ఇదీ’ అంటూ ఇరవైల నాటి బాణీలో పాడి వినిపిస్తారు. ఇందులో గొంతు కావాలి, పాత్ర కావాలి, పాట మధ్యలో ప్రేక్షకుడి మాటకు అప్పటికప్పుడు జవాబు చెప్పగల చురుకు కావాలి. 2018 నుంచి మరో డ్రాగ్ కళాకారిణి బెన్‌డెలాక్రీమ్‌తో కలిసి ఏటా క్రిస్మస్ రోజుల్లో ఊరూరా తిరుగుతూ చేస్తున్న ప్రదర్శన కూడా అలాంటిదే. కోవిడ్ వల్ల 2020లో ఊళ్ళు తిరగలేక దాన్ని సినిమాగా తీశారు. ఇంత చేసిన మనిషిని మళ్ళీ టీవీ పోటీ కనిపెట్టిందంటే ఏమనాలి?

ఆ బెన్‌డెలాక్రీమ్ సంగతే చూడండి. 2018లో ‘ఆల్ స్టార్స్’ మూడో సీజన్‌లో వరసగా గెలుస్తూ, ఇంటికి పంపాల్సినవారి పేరున్న లిప్‌స్టిక్‌ను ఎంచాల్సిన ఘట్టంలో, వైట్‌నర్‌తో తన పేరే రాసిన లిప్‌స్టిక్‌ను తీసి చూపించి తానే వెళ్ళిపోయారు. ఆ తరువాత ఆమె పనికి ఏ లోటూ రాలేదు. 2014 విజేత బియాంకా డెల్ రియో మళ్ళీ పోటీ ముఖం చూడకుండానే 2019లో లండన్ వెంబ్లీ అరీనాలో ఒంటరిగా ప్రదర్శన ఇచ్చారు.

సియాటిల్ వాన:

తెరవెనుక గారూ, మీరు చెప్పినవన్నీ నిజాలే కానీ వాటినుంచి తేల్చిన మాట నిలవదు. బియాంకాది స్టాండప్. మైకు, ఎదుటివాళ్ళను తిట్టి నవ్వించే నోరు ఉంటే ఆయనకు ఇంకెవరి అనుమతీ అక్కర్లేదు. టిక్కెట్లు అమ్ముడుపోతే ప్రదర్శన జరుగుతుంది. బెన్‌డెలాక్రీమ్ కూడా తన నాటకం తానే రాసుకుని, తానే దర్శకత్వం చేసుకునే మనిషి. సంగీత నాటకం అలా కాదు. అక్కడ వేషం ఇంకొకరు ఇవ్వాలి. ఆ ఇచ్చేవాడు గొంతు ఒక్కటే చూడడు, ఆ పేరు గోడ మీద కనిపిస్తే ఎన్ని సీట్లు నిండుతాయో కూడా చూస్తాడు.

‘షికాగో’ సంగతి తెలిసినవారికి ఇది వివరించనక్కర్లేదు. 1996లో పునఃప్రారంభమైన ఆ ప్రదర్శన ఇన్నేళ్ళు నడవడానికి ఒక ముఖ్య కారణం, టీవీలో, సినిమాల్లో, సంగీతంలో పేరున్నవారిని కొన్ని వారాల కోసం తెచ్చుకుని వేషాలివ్వడం. అది వాళ్ళ పాత అలవాటు. కాబట్టి ఆ పిలుపు టీవీ గెలుపు వెంటనే రావడం కాకతాళీయం అనుకోవడం కష్టం. ‘ది వాడవిలియన్స్’ ఆడిన థియేటరు నుంచి ‘షికాగో’ ఆడే ఆంబాసడర్ థియేటరుకు నడిచి వెళితే పది నిమిషాలు, ఆమెకు మాత్రం తొమ్మిదేళ్ళు పట్టింది. ఆ తొమ్మిదేళ్ళూ గొంతు ఉంది, నటన ఉంది. పిలుపు లేదు.

నేను సియాటిల్ పక్కనే ఉంటాను. క్రిస్మస్ ప్రదర్శన 2022కు ముందూ చూశాను, తరువాతా చూశాను. ముందు చూసినప్పుడు హాల్లో ఉన్నవారిలో ఎక్కువమంది డ్రాగ్‌ను ఏళ్ళ తరబడి వెంటాడే అభిమానులు, పక్కసీటువాళ్ళతో పేర్లు పెట్టి పలకరించుకునేవాళ్ళు. తరువాత వెళ్ళినప్పుడు నా పక్కన ఒక పెద్దావిడ మనవరాలితో వచ్చి, ‘ఈ ఇద్దరిలో టీవీలో గెలిచింది ఎవరమ్మా’ అని నన్నడిగింది. వేషాలిచ్చేవారు లెక్కపెట్టేది ఆ పెద్దావిడ టిక్కెట్టునే.

పరిషత్ ప్రేక్షకుడు:

ఇద్దరూ పోటీ వల్ల పేరు వచ్చిందా రాలేదా అన్నచోటే ఆగిపోయారు. పోటీ కళను ఏం చేస్తుందన్నది నాకు పెద్ద ప్రశ్న.

పరిషత్తు నాటకాల పోటీలు నేను చాలా చూశాను, కుర్రతనంలో వాటిలో వేషాలూ వేశాను. మా జట్టు దర్శకుడు నాటకాన్ని ప్రేక్షకుల కోసం కాక, ముందు వరుసలో కాగితాలు పట్టుకుని కూర్చున్న ముగ్గురి కోసం కట్టేవాడు. చివరి పావుగంటలో ఒక ఏడుపు, ఒక ఉపన్యాసం పడకపోతే ఉత్తమ ప్రదర్శన రాదని ఆయన లెక్క. ఆ లెక్క తప్పలేదు కూడా, మాకు బహుమతులు వచ్చాయి. అయితే బహుమతి వచ్చిన నాటకాన్ని ఊళ్ళో ఆడితే, జనం ఆ పావుగంటలోనే లేచి వెళ్ళిపోయేవారు.

డ్రాగ్ రేస్‌లోనూ కొలబద్ద ఒక్కటే. పోటీ నడిపి తీర్పు చెప్పే రూపాల్ నవ్వాలి. ‘స్నాచ్ గేమ్’ అని ఒక ఘట్టం ఉంటుంది. అందరూ ఎవరో ఒక ప్రముఖ వ్యక్తి వేషం కట్టి వరసగా కూర్చుని, అడిగిన ప్రశ్నలకు ఆ మనిషిలా జవాబు చెప్పాలి. చాలామంది అందరికీ తెలిసిన పాప్ గాయనిని ఎంచుకుని, ఆమె ఊతపదం ఒకటి పదేపదే అని బతికిపోతారు. జింక్స్ 2013లో లిటిల్ ఈడీ వేషం కట్టారు. శిథిలమైన పాత బంగళాలో తల్లితో కలిసి లోకానికి దూరంగా బతికిన ఒకప్పటి సంపన్నురాలు ఆమె. 1970లలో వచ్చిన ఒక డాక్యుమెంటరీ వల్ల తెలిసిన మనిషి. కుర్రకారులో ఎంతమందికి తెలిసి ఉంటుంది? తెలియనివారు కూడా నవ్వారంటే అక్కడ మిమిక్రీ లేదు, పాత్ర ఉంది. 2022లో జూడీ గార్లండ్‌గా కూర్చున్నప్పుడు ఆ పనితనం ఇంకా చిక్కబడింది. పోటీ అడిగిన కొలతకు తన కళను కత్తిరించుకోకుండా గెలిచిన అరుదైన మనిషిగా నేను ఆమెను చూస్తాను.

మనలో ఎవరైనా స్థానం నరసింహారావు గారిని తీసుకొస్తారని తెలుసు కనుక నేనే ముందు చెప్పేస్తాను. బాపట్లలో పుట్టి, తెనాలి రంగస్థలం మీద సత్యభామగా, చిత్రాంగిగా, రోషనారగా పేరు పొంది, 1956లో పద్మశ్రీ అందుకున్న ఆయనకు ఏ టీవీ కిరీటమూ లేదు, నిజమే. కానీ పోలిక అక్కడితో ఆగాలి. వేషం వెనుక మగవాడున్నాడని ప్రేక్షకుడు మరచిపోవాలన్నది స్థానం వారి సాధన. అతికించిన కనురెప్పలు, పెట్టుడు జుట్టు, ఆ కట్టుడంతా కళ్ళకు కనిపిస్తూనే ఉండాలన్నది డ్రాగ్ పద్ధతి. రెండింటినీ ఒకే గాటన కట్టి మురిసిపోవడం వల్ల రెండూ అర్థం కావు.

లెక్కల పద్దు:

కళ గురించి పెద్దలు మాట్లాడారు, నేను డబ్బు గురించి మాట్లాడతాను. 2013 బహుమతి లక్ష డాలర్లు, 2022లో రెండు లక్షలు. చూడటానికి బాగుంది. అయితే ఈ పోటీకి వెళ్ళేవారు దుస్తులు, విగ్గులు, నగలు చాలావరకు తమ డబ్బుతోనే తెచ్చుకోవాలి. మొదటి వారమే ఇంటికొస్తే మిగిలిన వారాల కోసం కుట్టించుకున్న బట్టలు పెట్టెలోనే ఉంటాయి, చేసిన అప్పు మాత్రం బయట ఉంటుంది.

2022 సీజన్‌లో ఒక తిరకాసు ఉంది. అందులో ఎవరినీ ఇంటికి పంపలేదు. ఎనిమిది మందీ మొదటి ఎపిసోడ్ నుంచి పన్నెండో ఎపిసోడ్ దాకా తెర మీద ఉన్నారు. అందరూ అప్పటికే ఒకసారి గెలిచినవారు, ఇక పోయేది ఏముంది? వృత్తిలో ఉన్న ఏ కళాకారిణి అయినా పన్నెండు ఎపిసోడ్ల ఉచిత ప్రచారాన్ని వద్దంటుందా? అవసరమా అని అడగడం కంటే, వెళ్ళకుండా ఉండటానికి కారణం ఏమిటని అడగడం సబబు.

తెరవెనుక:

లెక్కల పద్దు గారి మాటలో సగం ఒప్పుకుంటాను. ఆ సీజన్ నియమాలు నేను పట్టించుకోలేదు, మధ్యలో ఇంటికి పంపేస్తారన్న భయం లేదు, రాబడి ఎక్కువ అన్నది నిజం. కానీ పోయేది ఏమీ లేదనడం తప్పు. విజేతల మధ్య చివరన నిలబడితే, ‘మొదటి గెలుపు గాలివాటం’ అన్న మాట జీవితాంతం వెంటపడుతుంది. 2013లో ఆమెను తోటివారు ఎంత చులకన చేశారో చూసినవారికి గుర్తుండే ఉంటుంది. నవ్వించడం తప్ప సింగారం రాదని ఎత్తిపొడుస్తుంటే, ఆమె వేదిక మీద నిలబడి తనలో తాను ‘బాతు వీపు మీద నీళ్ళు’ అని అనుకునేవారు. మన తామరాకు మీద నీటిబొట్టు అన్నమాట. అంత అనుకోవలసి వచ్చిందంటే నీళ్ళు కాస్త తడిపాయనే నేను అనుకుంటాను. ఆ మనిషి తొమ్మిదేళ్ళ తరువాత అదే వేదిక ఎక్కడం చిన్న తెగువేమీ కాదు.

ఇక సియాటిల్ వాన గారికి. మొదటి పిలుపు టీవీ పుణ్యమే అనుకుందాం. 2024లో ‘లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్’లో ఆడ్రీ వేషం ఎందుకొచ్చింది? అది గయ్యాళి హాస్యానికి చోటున్న పాత్ర కాదు. దెబ్బలు తింటూ, పచ్చగడ్డి ఉన్న చిన్న ఇల్లు ఒకటి ఉంటే చాలని కలలు కనే అమాయకురాలి పాత్ర. అదే ఏడాది ‘డాక్టర్ హూ’ అనే బ్రిటిష్ టీవీ సీరియల్‌లో మాస్ట్రోగా వచ్చారు. లోకంలోని సంగీతాన్నంతా మింగేసే దుష్టశక్తి అది, 1963 నాటి లండన్‌లో బీటిల్స్ కూడా పస లేని పాటలు పాడుకునే దుస్థితి తెస్తుంది. 2025లో బ్రాడ్‌వేపై ‘పైరేట్స్’లో రూత్ వేషం, ఆ వెంటనే ‘ఓ, మేరీ!’లో ప్రధాన పాత్ర. ఇన్ని తలుపులు ఒక్క కిరీటంతో తెరుచుకోవు.

సియాటిల్ వాన:

తెరుచుకోవు, సరే. కానీ నేను మాట్లాడుతున్నది మొదటి తలుపు గురించి. మిగిలినవి ఆమె తన చేత్తోనే తెరిచారు, అందులో నాకు పేచీ లేదు. ‘షికాగో’లో తేలిపోయి ఉంటే ఆడ్రీ వచ్చేది కాదని మీరంటారు, ‘షికాగో’యే రాకపోతే తేలడమో మునగడమో చూసే అవకాశమే ఉండేది కాదని నేనంటాను. మనమిద్దరం చెబుతున్నవి ఎదురెదురు మాటలు కావేమోనని ఇప్పుడనిపిస్తోంది. అయినా శీర్షికలోని ప్రశ్నకు నా జవాబు ‘అవసరమే’.

పరిషత్ ప్రేక్షకుడు:

మీ ఇద్దరికీ రాజీ కుదిరేలోగా ఆ 2022 సీజన్ ఆఖరి ఘట్టం ఇంకోసారి చూడమని నా మనవి. ఆఖరి పోరులో తలపడిన ఇద్దరు జింక్స్, మోనే ఎక్స్ చేంజ్. ఒకరు నాటకాల్లో పాడి గొంతు సానబెట్టుకున్న మనిషి, ఇంకొకరు ఒపేరా గానంలో శిక్షణ పొందిన మనిషి. రెండు లక్షల డాలర్లు ఎవరివో తేల్చడానికి ఆ ఇద్దరినీ వేదిక మీద నిలబెట్టి, కేటీ పెర్రీ పాట ఒకటి పెట్టి, దానికి పెదవులు కదపమన్నారు. పోటీ నియమం అది, ఎవరూ తప్పు పట్టలేదు, నేనూ అప్పుడు ఈల వేశాను. ఆ తరువాత ‘షికాగో’ ఆడిషన్ గదిలో ఆమెను ఆ పని చేయమని ఎవరూ అడిగి ఉండరు.